"నాకేం కాలేదు" అనే మాట సాక్ష్యం కాదు: పురుగుమందు, మన రక్తం, పుట్టుకతో వచ్చే తేడా

సి.బెళగల్ నుంచి రాస్తున్నాను.

ఈ వారం వీడియోలో పత్తికి దశపర్ణి కషాయం కాచే విధానం, చేతులకు గ్లౌజులు ఎందుకు వేసుకోవాలనేది చూపించాను. అందులో చెప్పడానికి టైం చాలని ఒక సంగతి ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మా తట్టు ఊర్లలో ప్రకృతి వ్యవసాయం మాట ఎత్తితే వచ్చే మొదటి జవాబు ఒకటే. "ఇరవై ఏండ్ల నుంచి మందు కొడుతున్నా అప్పా, నాకేమైంది?" అని. ఈ ప్రశ్నకు మనవాళ్ళలో చాలామంది భయపెట్టి జవాబు చెప్తారు. చుక్క పడితే చచ్చిపోతారని, ఊరంతా క్యాన్సరేనని అంటారు. అప్పుడు ఎదుటివాడు నవ్వి పోతాడు, ఎందుకంటే వాడి కళ్ళ ముందు వాడు బతికే ఉన్నాడు.

నా అభిప్రాయం ఏమంటే, ఇద్దరిదీ తప్పే. ఆయనకు ఏమీ కాకపోవడం నిజమే అయ్యుండొచ్చు. అదే మందు, అదే పంపు, అదే రోజు, పక్కన మందు కలిపిన ఆమెకు తల తిరిగి వాంతులు కావడమూ నిజమే. ఈ తేడాకు ఒక కారణం పుట్టుకతోనే మన రక్తంలో ఉంటుంది. అది అర్థమైతే ఈ వాదన అక్కడితో ఆగిపోతుంది.

మందు ఒంట్లోకి పోతే ఏమవుతుంది?

క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్ ఇవన్నీ ఒకే కుటుంబం. ఆర్గానోఫాస్ఫేట్లు అంటారు. మన నరం కండరానికి "కదులు" అని చెప్పడానికి అసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. పని అయిపోగానే దాన్ని తుడిచేసే ఎంజైమ్ ఒకటుంది. ఈ మందులు పట్టుకునేది ఆ తుడిచే ఎంజైమ్‌నే. తుడిచేవాడు లేకపోతే సంకేతం ఆగదు. నోట్లో చొంగ, కళ్ళల్లో నీళ్ళు, కంటిపాప సన్నబడి చూపు మసక, చెమట, కండరాలు అదరడం, చివరికి ఊపిరి ఆడకపోవడం. పురుగు చచ్చేదీ ఇట్లనే, మనిషికి విషం ఎక్కేదీ ఇట్లనే.

అయితే క్లోరిపైరిఫాస్ డబ్బాలో ఉన్న రూపంలోనే అంత ప్రమాదం కాదు. ఒంట్లోకి పోయాక మన లివరే దాన్ని "ఆక్సాన్" అనే రూపంలోకి మారుస్తుంది. అసలు విషం అదే. ఆ ఆక్సాన్ నరం దాకా చేరకముందే రక్తంలో దాన్ని ఆపడానికి మనకు కాపలా ఎంజైమ్‌లు ఉన్నాయి. అందులో రెండింటి గురించి చెప్తాను. ఒకటి కొడవలి లాంటిది, ఇంకొకటి మనం చేలో పెట్టే పసుపు జిగురు అట్ట లాంటిది.

కొడవలి: పారాక్సోనేజ్

పారాక్సోనేజ్ అనే ఎంజైమ్ లివర్‌లో తయారై, రక్తంలో మంచి కొలెస్ట్రాల్ అని మనం అనే హెచ్.డి.ఎల్. మీద కూర్చుని తిరుగుతుంది. విషాన్ని కోసి ముక్కలు చేస్తుంది. కోసిన తర్వాత తను పాడవదు, ఇంకోదాన్ని కోస్తుంది. అందుకే కొడవలి అన్నాను.

ఈ ఎంజైమ్ తయారుచేసే జీన్ అందరిలో ఒకే తీరుగా ఉండదు. గొలుసులో 192వ స్థానంలో కొందరికి క్యూ రకం, కొందరికి ఆర్ రకం ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. క్లోరిపైరిఫాస్ ఆక్సాన్‌ను ఆర్ రకం చురుగ్గా కోస్తుంది, క్యూ రకం నిదానం. ఇది కొడవలి పదును సంగతి. ఎన్ని కొడవళ్ళు ఉన్నాయనేది ఇంకో లెక్క. ఒకే రకం జీన్ ఉన్న పెద్దవాళ్ళలో కూడా రక్తంలో ఈ ఎంజైమ్ మొత్తం పది రెట్లకు పైగా తేడా ఉంటుందని అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ శాస్త్రవేత్త క్లెమెంట్ ఫర్లాంగ్ బృందం చూపించింది. పదునూ సంఖ్యా రెండూ కలిస్తేనే మనిషి రక్షణ.

దీనికి రుజువు ఎలుకల్లో వచ్చింది. 1998లో అమెరికాలో ఈ జీన్ పూర్తిగా తీసేసిన ఎలుకలను తయారుచేశారు. మామూలు ఎలుకలు తట్టుకున్న క్లోరిపైరిఫాస్ ఆక్సాన్‌ను అవి తట్టుకోలేకపోయాయి. ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. పారాథియాన్ అనే పాత మందు విషరూపం పారాక్సాన్. దాన్ని కోస్తుందనే ఈ ఎంజైమ్‌కు పారాక్సోనేజ్ అని పేరు. తీరా చూస్తే ఆ ఎలుకలు పారాక్సాన్ విషయంలో మామూలు ఎలుకలకంటే పెద్దగా ఇబ్బంది పడలేదు. అంటే ఒక కాపలా అన్ని మందులకూ పనికిరాదు. క్లోరిపైరిఫాస్ తట్టుకున్నవాడు ఇంకో మందుకు పడిపోవచ్చు. "నాకు మందు పడదు, ఎక్కదు" అనే మాటలో ఏ మందు అనే ప్రశ్న మిగిలే ఉంటుంది.

జిగురు అట్ట: మన తెలుగువాళ్ళ రక్తంలోనే ఉన్న కథ

రెండో కాపలా పేరు బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్. ఆసుపత్రి రిపోర్టులో సూడోకోలినెస్టరేజ్ అనో, సీరం కోలినెస్టరేజ్ అనో రాస్తారు. ఇది విషాన్ని కోయదు. విషం వచ్చి దీనికి అతుక్కుపోతుంది. ఒక అణువుకు ఒక అణువు. అతుక్కున్నది ఇక పనికిరాదు, చేలో తెల్లదోమ నిండిన అట్ట లాగే. అట్టలు ఎన్ని ఉంటే అంత విషం నరం దాకా పోకుండా ఆగుతుంది.

ఈ ఎంజైమ్ పుట్టుకతోనే దాదాపు లేనివాళ్ళు ఉన్నారు. ప్రపంచంలో ఇది బాగా తెలిసిన చోట్లలో ఒకటి మన తెలుగు నేలే. ఆర్యవైశ్యులలో ఈ లోపం మిగతావాళ్ళకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. 2017లో హైదరాబాద్ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందాలు కలిసి ప్రచురించిన పరిశోధనలో దీన్ని ఉదాహరణగా చూపించారు. ఆపరేషన్ ముందు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. మామూలు మనిషిలో అది కొన్ని నిమిషాల్లో కరిగిపోతుంది, కరిగించేది ఈ ఎంజైమే. ఇది లేనివాళ్ళకు గంటల తరబడి ఊపిరి తీసుకునే కండరాలు కదలవు, మిషన్ మీద పెట్టాల్సి వస్తుంది. అందుకే మన దగ్గర మత్తు డాక్టర్లకు ఈ సంగతి తెలుసు.

దీన్ని ఒక కులానికి తగిలించే పని ఎవరూ చేయొద్దు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరాల తరబడి తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న ఏ గుంపులోనైనా ఇట్లాంటి లోపం ఏదో ఒకటి గట్టిపడుతుంది. అదే పరిశోధనలో దక్షిణాసియాలో 263 సమూహాలను చూస్తే 81 సమూహాలలో ఈ ప్రభావం ఫిన్లాండ్ జనంలో కంటే ఎక్కువగా కనబడింది. వైశ్యులది ఆపరేషన్ టేబుల్ మీద కనబడింది కాబట్టి పేరుకెక్కింది. మిగతా వాళ్ళది ఇంకా బయటపడలేదు, అంతే తేడా.

మనకు పనికొచ్చే సంగతి ఇది. పురుగుమందు పని చేసేవాళ్ళకు రక్తపరీక్షలో ఎక్కువగా చూసే వాటిలో ఈ ఎంజైమ్ ఒకటి. ఇది తగ్గిందంటే మందు ఒంట్లోకి పోయిందని అర్థం. కానీ పుట్టుకతోనే తక్కువ ఉన్నవాడికి మందు ముట్టకపోయినా తక్కువే వస్తుంది. లివర్ జబ్బు ఉన్నా, గర్భంతో ఉన్నా తగ్గుతుంది. పుట్టుకతో బాగా ఎక్కువ ఉన్నవాడికి సగం పోయినా రిపోర్టులో "నార్మల్" అనే వస్తుంది. అందుకే ఒక్క పరీక్ష ఏమీ చెప్పదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

పిల్లల దగ్గర కొడవలి ఇంకా తయారు కాలేదు

పెద్దవాళ్ళ మధ్య తేడా ఒక ఎత్తు, పెద్దలకూ పసిపిల్లలకూ మధ్య తేడా ఒక ఎత్తు. కాలిఫోర్నియాలో సాలినాస్ అనే కూరగాయల లోయ ఉంది. అక్కడ పొలం పనిచేసే కుటుంబాల్లో 130 మంది తల్లులు, వాళ్ళ అప్పుడే పుట్టిన పిల్లల రక్తాన్ని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల్లో పారాక్సోనేజ్ సగటున తల్లుల కంటే నాలుగు రెట్లు తక్కువ. అందరిలో ఎక్కువ ఉన్న తల్లికీ, అందరిలో తక్కువ ఉన్న బిడ్డకూ మధ్య తేడా 65 రెట్లు. ఆ తర్వాత పిల్లలను పెరిగేకొద్దీ చూస్తే, ఏడేళ్ళ వయసు వచ్చినా పెద్దవాళ్ళ స్థాయి రాలేదు.

ఇప్పుడు మన ఊర్లు చూడండి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి తట్టు నుంచి ఏటా సుగ్గికని కుటుంబాలు గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు పోతాయి. చంటిపిల్లను ఇంట్లో ఎవరి దగ్గర వదలాలి? వెంట తీసుకుపోతారు. చెట్టు కింద చీర ఉయ్యాల, పక్క మడిలో మందు పంపు. ఇక్కడ సీడ్ పత్తి మడుల్లో క్రాసింగ్‌కు బడి మానేసిన ఆడపిల్లలు పోయిన రోజులు మనందరికీ తెలుసు. "మా అయ్యకు ఏం కాలేదు" అన్న ధైర్యం ఆ పిల్లల రక్తంలో ఉండదు.

డబ్బా మీద రంగు ఎవరి కోసం?

డిప్లొమాలో మాకు డబ్బా మీద త్రికోణం గురించి చెప్పారు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎలుకల గుంపుకు మందు తినిపించి, అందులో సగం చచ్చే మోతాదును బట్టి ఆ రంగు. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే సగం చస్తే ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు. క్లోరిపైరిఫాస్ పసుపు కిందికి వస్తుంది.

సగం చచ్చే మోతాదు అంటే అదే మోతాదుకు మిగతా సగం బతికినట్టే కదా? ఒకే తీరుగా పెంచిన ఎలుకల్లోనే ఇంత తేడా ఉంటే, మన ఊరి కూలీల గుంపులో ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి. బతికిన ఎలుకను అడిగితే అదీ "నాకేం కాలేదు" అనే చెప్తుంది.

జీన్ పేరు చెప్పి తప్పించుకోవద్దు

ఇంత చదివాక ఒకరు నన్ను అడగొచ్చు: అయితే అందరికీ జీన్ పరీక్ష చేసి, రక్షణ ఎక్కువ ఉన్నవాళ్ళకే పంపు ఇస్తే సరిపోతుంది కదా అని. నేను దీనికి గట్టిగా వ్యతిరేకం. కారణాలు మూడు.

ఒకటి, జీన్ ఒక్కటే జాతకం కాదు. గుండె జబ్బు సంగతే చూడండి. పారాక్సోనేజ్ తీసేసిన ఎలుకల రక్తనాళాల్లో కొవ్వు కూడా ఎక్కువ పేరుకుంది. దాంతో ఈ జీన్ రకం చూసి గుండెపోటు ముందే చెప్పొచ్చని చాలామంది ఆశపడ్డారు. 2004లో 43 పరిశోధనలను, 11 వేల మందికి పైగా గుండె రోగుల లెక్కలను ఒకచోట కలిపి చూస్తే, 192వ స్థానం రకానికీ జబ్బుకూ సంబంధం చాలా బలహీనంగా తేలింది. పెద్ద పరిశోధనలను మాత్రమే తీసుకుంటే ఆ కాస్త కూడా గట్టిగా నిలబడలేదు.

రెండు, పైన చెప్పినట్టు ఒక మందుకు పనికొచ్చిన రక్షణ ఇంకో మందుకు పనికిరాదు. మన రైతు ఒకే పంపులో రెండు మూడు మందులు కలిపి కొడతాడు.

మూడు, అన్నిటికంటే ముఖ్యం. మార్చగలిగేది మందు, మనిషి రక్తం కాదు. జీన్ పరీక్ష పెడితే రేపు విషం ఎక్కిన కూలీని "నీ రక్తమే బాగలేదు" అని ఇంటికి పంపుతారు. తప్పు డబ్బాది కాకుండా మనిషిది అవుతుంది. మందు విషయంలో నియమం అందరికంటే బలహీనమైనవాళ్ళను చూసి పెట్టాలి. రక్షణ సగటు మనిషికి పెడితే సగటు కంటే తక్కువ ఉన్నవాళ్ళంతా బయట మిగిలిపోతారు.

ప్రపంచం కూడా ఆ దిక్కే నడుస్తోంది. క్లోరిపైరిఫాస్‌ను యూరప్ 2020లో ఆపేసింది. 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందంలో, కొన్ని మినహాయింపులతో, తీసివేయాల్సిన మందుల జాబితాలో చేర్చారు. మన దేశం 2018 ఉత్తర్వుతో డయాజినాన్, మిథైల్ పారాథియాన్ వంటివి ఆపింది, 2020 చివరికి ఫోరేట్, ట్రయజోఫాస్, డైక్లోర్‌వాస్ ఆగాయి. వీటిని ఆపినప్పుడు ఎవరి జీన్ ఏదని ఎవరూ అడగలేదు, అందరికీ ఒకేసారి మేలు జరిగింది.

మనం అడగాల్సింది ఏమిటి?

మన దేశంలో మూడు పత్తి ఊర్లలో 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా 50 మంది ఆడరైతులు, మందు కొట్టిన ప్రతిసారీ తమకూ ఇంటి మగవాళ్ళకూ ఏమైందో రాసుకున్నారు. 323 సార్లలో 83.6 శాతం సార్లు ఏదో ఒక విష లక్షణం ఉంది. మందు కలపడం, పంపు నింపడం ఆడవాళ్ళ పని కాబట్టి వాళ్ళకూ మగవాళ్ళతో సమానంగా తగిలింది. కొన్నిసార్లు చాలా తీవ్రంగా అయినా ఒక్కరు కూడా ఆసుపత్రికి పోలేదు. "ఏమీ కాలేదు" అనే లెక్కలో ఇవన్నీ కలిసిపోయి ఉన్నాయి.

కాలిఫోర్నియాలో 1974 నుంచి ఒక పద్ధతి ఉంది. తీవ్రమైన ఆర్గానోఫాస్ఫేట్ మందులతో తరచూ పనిచేసేవాడికి సీజన్‌కు ముందు, మందు ముట్టకముందు, కోలినెస్టరేజ్ పరీక్ష చేస్తారు. అది వాడి సొంత కొలత. తర్వాత చేసే పరీక్షలను దానితోనే పోలుస్తారు. ప్లాస్మా కొలత 60 శాతానికి పడితే మందు పని నుంచి తప్పిస్తారు. 80 శాతానికి తిరిగి వచ్చేదాకా పంపు ముట్టనివ్వరు. పైన గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే: పుట్టుకతో ఎక్కువ ఉన్నా తక్కువ ఉన్నా, ఎవడి కొలత వాడిదే అయితే పరీక్ష నిజం చెప్తుంది. దీనికి జీన్ పరీక్ష అక్కరలేదు, కులం అడగనక్కరలేదు.

మనకూ చట్టం లేకపోలేదు. 1971 పురుగుమందుల నిబంధనల్లో వైద్య పరీక్ష, కోలినెస్టరేజ్ కొలత గురించి రాసి ఉంది. కానీ అది ఫ్యాక్టరీల్లో, స్ప్రే చేసే సంస్థల్లో పనిచేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకున్నది. రోజు కూలికి వచ్చి ఇరవై పంపులు కొట్టే మనిషి పేరు ఏ రిజిస్టర్లో ఉంటుంది? నేను అడిగేది ఒక్కటే. ఖరీఫ్ మొదలవక ముందు, మండలంలో మందు కొట్టే పనికి పోయేవాళ్ళకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకసారి, సీజన్ మధ్యలో ఒకసారి ఈ రక్తపరీక్ష చేయాలి. ఖరీదైన పరికరాల పని కాదు. మన రైతు సంఘాలు, మహిళా సంఘాలు గ్రామసభలో అడిగితే ఎక్కడో ఒక చోట మొదలవుతుంది.

మన ఇల్లు కూడా చూసుకుందాం

చివరగా మనవాళ్ళకు ఒక మాట. కోపం తెచ్చుకోవద్దు.

అగ్నిఅస్త్రంలో పొగాకు వేస్తాం. అందులో ఉండేది నికోటిన్. అది కూడా నరాల మీద పనిచేసే విషమే, చర్మం గుండా లోపలికి పోతుంది. దాన్ని విరగ్గొట్టే లివర్ ఎంజైమ్‌లో కూడా పుట్టుకతో మనిషి మనిషికీ తేడా ఉంది. దశపర్ణిలో ఉమ్మెత్త వేస్తాం, అదీ విషపు మొక్కే. "ఇది ప్రకృతి, చేత్తో కలిపినా ఏం కాదు" అనే మాట, "నాకేం కాలేదు" అనే మాటకు తమ్ముడే. గ్లౌజులు, మూతికి గుడ్డ, పిల్లలకు అందనంత దూరం మనకూ వర్తిస్తాయి. కషాయం తాగునీళ్ళ సీసాల్లో నింపి ఇంట్లో పెట్టొద్దు.

ఇంకొకటి. మన కూరగాయ తింటే జీన్ మారుతుందని, కషాయం తాగితే విషం విరుగుతుందని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. దయచేసి పంపొద్దు. మన సేద్యానికి అబద్ధం అవసరం లేదు. మన చేలో విషం లేదు కాబట్టి పుట్టుకతో ఎక్కువ రక్షణ ఉన్నవాడూ, తక్కువ ఉన్నవాడూ, చంటిబిడ్డా, గర్భిణీ అందరూ అక్కడ సమానంగా నిలబడగలరు. ఇది చాలు మనకు.

పక్క చేను మందు గాలికి మీకు తగిలినా, ఎవరికైనా చొంగ, చూపు మసక, ఊపిరి బరువు కనిపించినా: బట్టలు విప్పి సబ్బుతో కడిగి, డబ్బా లేబుల్ తీసుకుని, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోండి. మజ్జిగ, చింతపులుసు అంటూ ఇంట్లో టైం పోగొట్టొద్దు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి, కదలిక రావడానికి గంటలు పట్టి ఉంటే, రక్తసంబంధీకులకు ఆపరేషన్ అయ్యేముందు మత్తు డాక్టరుకు ఆ మాట చెప్పండి.

కషాయం కాచే వీడియో పైన ఉంది, గ్లౌజుల భాగం దాటేయకుండా చూడండి. మీ ఊర్లో మందు కొట్టే పనికి పోయే ఒక్కరికైనా ఇది చదివి వినిపించండి.

జై కిసాన్.